ఐఎస్ఓ 4049 వంపు పరీక్ష: ఐదు బార్లలో రెండు 80 మెగాపాస్కల్స్ దాటలేదు. లోపం కాంపోజిట్‌లోనా, బార్‌లోనా?

#1 పీజీ_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. దవడ పళ్ళకు వాడే ఒక నానోహైబ్రిడ్ కాంపోజిట్ (రెజిన్‌లో ఫిల్లర్ పొడి కలిపిన, లైటు వేస్తే గట్టిపడే ఫిల్లింగ్ పేస్ట్) మీద ఐఎస్ఓ 4049 (ఇలాంటి ఫిల్లింగ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం త్రీ పాయింట్ బెండ్ పరీక్ష చేశాం, అంటే బార్‌ను రెండు సపోర్టుల మీద పెట్టి మధ్యలో నొక్కి విరిచాం. బార్లు 25 × 2 × 2 మి.మీ., సపోర్టుల మధ్య దూరం 20 మి.మీ., క్రాస్‌హెడ్ వేగం నిమిషానికి 0.75 మి.మీ. బార్లు విరిగిన లోడ్లు వరసగా 34, 31, 19, 33, 20 న్యూటన్లు. 3.75తో గుణిస్తే 127, 116, 71, 124, 75 మెగాపాస్కల్స్ వచ్చాయి. కరపత్రంలో 120కి పైనే ఉంటుందని రాశారు. మూడు బాగానే ఉన్నాయి, రెండు 80 కిందకి పోయాయి. ఈ మెటీరియల్ ఫెయిల్ అని రాయాలా? స్టీల్ స్ప్లిట్ మోల్డ్ వాడాం. లైటు 10 మి.మీ. టిప్ ఎల్ఈడీ, చోటుకు 20 సెకన్లు. ల్యాబ్‌లో బార్లు 24 గంటలు 37 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో ఉన్నాయి.

#2 బెండ్‌టెస్ట్

ఫెయిల్ అని ఇప్పుడే రాయకండి. పాస్ అని కూడా రాయలేరు. ఐఎస్ఓ 4049లో లెక్క ఇదీ: ఐదింటిలో నాలుగైనా హద్దు దాటితే పాస్, రెండు లేదా అంతకన్నా తక్కువ దాటితే ఫెయిల్, సరిగ్గా మూడు దాటితే ఇంకో ఐదు బార్లు చేసి మళ్ళీ పరీక్షించాలి. మీరున్నది ఆ మూడో గదిలో. నమిలే ఉపరితలం మీద వాడేవాటికి (టైప్ 1) హద్దు 80, మిగతావాటికి (టైప్ 2) 50.

అసలు అనుమానం మీ 3.75 మీదే. సూత్రం ఇది: 3 × లోడ్ × స్పాన్ ÷ (2 × వెడల్పు × మందం²). స్పాన్ (సపోర్టుల మధ్య దూరం) 20, వెడల్పు 2, మందం 2 వేస్తే 60ని 16తో భాగించి 3.75 వస్తుంది. అంటే ఐదు బార్లూ కచ్చితంగా 2.00 మి.మీ. ఉన్నాయని మీరు ముందే అనుకున్నారు. మందం వర్గంలో ఉంది కాబట్టి 5 శాతం తేడా వస్తే బలంలో 10 శాతం తేడా పడుతుంది. మాడ్యులస్‌లో (ఒంగకుండా నిలిచే బిగువు) అయితే మందం ఘనంలో ఉంటుంది, అదే తేడా 15 శాతం దాటుతుంది. మోల్డ్ 2 మి.మీ. కదా అని బార్ కూడా 2 మి.మీ. ఉండదు. మోల్డ్ ముక్కల మధ్య సన్నగా పేస్ట్ కారితే మందం పెరుగుతుంది, ఆ ఫ్లాష్ తీయడానికి ఎమరీ పేపర్ మీద ఎక్కువ రుద్దితే తగ్గుతుంది.

విరిగిన ముక్కలు పారేయలేదు కదా? ఒక్కొక్కదాన్నీ విరిగిన చోటికి ఆనుకుని స్క్రూగేజితో 0.01 మి.మీ. వరకు కొలిచి పెట్టండి.

#3 గాజుపొడి

దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పండి. ప్రతి బార్ మధ్య గీతకు ఎంత దూరంలో విరిగింది? ఇది రాసుకోకపోతే పరీక్షలో సగం సమాచారం పోయినట్టే.

#4 పీజీ_రెండో_ఏడు

ముక్కలు జతలుగా విడివిడి డబ్బాల్లో ఉన్నాయి సార్. ఇప్పుడు కొలిచాను. మొదట వెడల్పు, తర్వాత మందం, చివర మధ్య నుంచి దూరం:

1వ బార్: 2.02, 2.09, దాదాపు మధ్యలోనే
2వ బార్: 2.00, 2.03, మధ్యలోనే
3వ బార్: 2.01, 2.00, మధ్యకు 3 మి.మీ. పక్కన
4వ బార్: 2.01, 2.06, మధ్యలోనే
5వ బార్: 1.97, 1.88, మధ్యకు 4 మి.మీ. పక్కన

#5 బెండ్‌టెస్ట్

ఇప్పుడు అసలు లెక్క చూడండి. 1వ బార్ 127 కాదు, 115.6. 2వది 112.8. 4వది 116.1. 113కీ 116కీ మధ్య కూర్చున్న ఈ మూడూ ఒకే కుటుంబం. పాత లెక్కలో ఇవే 116 నుంచి 127 దాకా చెదిరి కనిపించాయి. ఆ చెదురు మెటీరియల్‌ది కాదు, కొలతది.

5వ బార్ 75 కాదు, 86. హద్దు దాటింది. కానీ సంతోషించకండి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మందానికి అనుమతి 2.0కు అటూ ఇటూ 0.1 మాత్రమే, 1.88 దాని బయట ఉంది. లోడ్ వేయకముందే పక్కన పెట్టాల్సిన బార్ అది. కొలిచాకే మెషీన్ మీద పెట్టాలి అనేది ఇందుకే. 3వ బార్ మాత్రం కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా 71 దగ్గరే ఆగింది. అసలు కేసు అదే.

#6 గాజుపొడి

3వ బార్ గురించి. 71 అనే సంఖ్య బార్ మధ్యలో ఉన్న ఒత్తిడి. బార్ విరిగింది అక్కడ కాదు. త్రీ పాయింట్ బెండ్‌లో ఒత్తిడి మధ్యలో గరిష్ఠంగా ఉండి సపోర్టుల దగ్గరికి వెళ్ళేసరికి సున్నా అవుతుంది, తగ్గడం సరళరేఖలో. సగం స్పాన్ 10 మి.మీ., మీది 3 మి.మీ. పక్కన విరిగింది. ఆ చోట ఉన్నది గరిష్ఠంలో 70 శాతమే, అంటే సుమారు 50 మెగాపాస్కల్స్. పక్కనున్న బార్లు 115 తట్టుకున్న పేస్ట్ ఇక్కడ 50కే తెగిపోయింది. ఎక్కువ ఒత్తిడి ఉన్న మధ్యభాగం చెక్కుచెదరలేదు. కాబట్టి ఆ 3 మి.మీ. దగ్గర ఏదో లోపం ఉండే తీరాలి.

ఎంత పెద్ద లోపమో కూడా లెక్క కట్టవచ్చు. ఇలాంటి కాంపోజిట్‌కు ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (పగులు పాకకుండా ఆపే గుణం) 1.2 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకోండి (సాధారణంగా 1 నుంచి 2 మధ్య ఉంటుంది). అంచు మీద పగులు అనుకుని గ్రిఫిత్ పద్ధతిలో (తెగిన ఒత్తిడి నుంచి పగులు సైజు కట్టే లెక్క) వేస్తే 115 దగ్గర తెగడానికి సుమారు 28 మైక్రాన్ల లోపం చాలు. 50 దగ్గర తెగాలంటే అది 145 మైక్రాన్ల దాకా ఉండాలి. గుండ్రటి బుడగ పదునైన పగులు లాంటిది కాదు కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. కానీ ఆ సైజు లోపం 20 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్‌లో తప్పకుండా కనబడుతుంది.

చూసే పద్ధతి: ముక్కను నిలబెట్టి విరిగిన ముఖాన్ని పైకి తిప్పండి, లైటు పక్క నుంచి ఏటవాలుగా పడాలి. ముందు ఏది లోడ్ వైపో, ఏది టెన్షన్ వైపో తేల్చుకోండి. లోడ్ పడిన వైపు విరుపు నేరుగా దిగదు, పెదవిలా ఒంపు తిరుగుతుంది. దాన్ని కంప్రెషన్ కర్ల్ అంటారు. దానికి ఎదుటి అంచే టెన్షన్ వైపు, పగులు పుట్టిన చోటు అక్కడే ఉంటుంది. ఆ చోటు చుట్టూ కొంత మేర అద్దంలా నునుపుగా ఉంటుంది, దాటిన కొద్దీ గరుకు పెరుగుతుంది, గీతలన్నీ వెనక్కి ఒకే చోటికి వేలు చూపిస్తాయి. ఆ చోట నల్లటి గుండ్రటి గుంట ఉంటే గాలి బుడగ. సన్నటి గీత ఉంటే రెండు పేస్ట్ ముద్దలు కలవని మడత. మూలలో పళ్ళు పడినట్టు ఉంటే ఫ్లాష్ తీసేటప్పుడు ఊడిన పెచ్చు.

#7 పీజీ_రెండో_ఏడు

చూశాను సార్. 3వ బార్‌లో టెన్షన్ అంచుకు ఆనుకునే గుండ్రటి గుంట ఉంది, గోడ మెరుస్తోంది. దాని పక్కన మడతలాంటి గీత కూడా ఉంది. 5వ బార్‌లో మాత్రం బుడగ లేదు, గీత లేదు. ముఖమంతా ఒకేలా, కొంచెం సుద్దలా ఉంది. మోల్డ్‌లో పేస్ట్‌ను ప్లాస్టిక్ ఇన్‌స్ట్రుమెంట్‌తో మూడు నాలుగు ముద్దలుగా పెట్టాం.

#8 గాజుపొడి

3వ బార్ సంగతి తేలిపోయింది. ముద్ద మీద ముద్ద పెడితే మధ్యలో గాలి చిక్కుతుంది. గోడ మెరవడానికీ కారణం ఉంది. బుడగలోని ఆక్సిజన్ పక్కనున్న రెజిన్‌ను గట్టిపడనివ్వదు, ఆ పలచటి పొర జిగటగా మిగిలిపోతుంది. అంటే అక్కడ ఖాళీ ఒక్కటే కాదు, దాని చుట్టూ మెత్తటి గోడ కూడా ఉంది.

పద్ధతి మార్చండి. పేస్ట్‌ను గాజు పలక మీద గ్లవ్స్ వేళ్ళతో కాకుండా, రెండు మైలార్ స్ట్రిప్‌ల (పారదర్శక ప్లాస్టిక్ పట్టీల) మధ్య మెల్లగా దొర్లించి మోల్డ్ పొడవుకు సరిపడా ఒకే తాడులా చేయండి. మోల్డ్ కింద స్ట్రిప్, దాని కింద గాజు స్లైడ్. తాడును ఒక చివర నుంచి రెండో చివరకు పరుస్తూ కొంచెం ఎక్కువగా నింపండి. పైన స్ట్రిప్ వేసి స్లైడ్‌తో ఒక చివర ఆనించి మెల్లగా రెండో చివరకు దించండి, గాలి ముందుకు తోసుకుపోతుంది. ఒకేసారి బల్లపరుపుగా నొక్కితే మధ్యలోనే ఇరుక్కుంటుంది. ఇన్‌స్ట్రుమెంట్‌కు అంటుకుంటోందని స్పిరిట్‌తో తుడిచి వెంటనే వాడకండి, ఆరని ఆల్కహాల్ రెజిన్‌లోకి పోతుంది. బాండింగ్ ఏజెంట్ రాసి నునుపు చేయడం పరీక్ష బార్‌లో అసలు పనికిరాదు. ఫిల్లర్ లేని రెజిన్ పొర సరిగ్గా టెన్షన్ ముఖం మీద చేరుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని గది వేడికి రానివ్వండి. ప్రమాణం అడిగేది 23 డిగ్రీలు, అటూ ఇటూ 1. మే నెలలో ఏసీ లేని గదిలో చేసిన బార్లకూ డిసెంబరులో చేసిన బార్లకూ పేస్ట్ జారుడులోనే తేడా ఉంటుంది. థీసిస్‌లో ఆ రెండింటినీ ఒకే గ్రూపులో కలపకండి.

#9 నీలికాంతి

5వ బార్ నా శాఖలోకి వస్తుంది. సుద్దలా ఉంది, బుడగ లేదు, మధ్యకు 4 మి.మీ. దూరంలో విరిగింది. అక్కడ ఒత్తిడి 86లో 60 శాతం, అంటే దాదాపు 52. లైటు ఎన్ని చోట్ల పెట్టారు? నా అంచనా మూడు: మధ్యలో ఒకటి, చివరల్లో రెండు.

#10 పీజీ_రెండో_ఏడు

అవును, మూడే. మధ్యలో, రెండు చివరల్లో. రెండు వైపులా అలాగే చేశాం. 10 మి.మీ. టిప్ కదా, 25 మి.మీ.కు మూడు సరిపోతాయనుకున్నాం.

#11 నీలికాంతి

10 మి.మీ. అనేది టిప్ బయటి కొలత. నిజంగా వెలుగు దిగే వ్యాసం దానికంటే తక్కువ. పైగా అంచుల దగ్గర తీవ్రత మధ్యలో ఉన్నంత ఉండదు. మధ్య చోటు వెలుగు 4 మి.మీ. దగ్గర పలచబడుతుంది, చివర చోటు వెలుగు అప్పుడే మొదలవుతుంది. రెండింటికీ అంచే దక్కిన అతుకు మీద మీ 5వ బార్ విరిగింది.

ప్రమాణంలో చెప్పిన వరస: మొదట మధ్యలో. తర్వాత టిప్ వ్యాసంలో సగం జరిపి ఒక పక్క, మళ్ళీ సగం జరిపి రెండో పక్క, ఇలా పొడవంతా అయ్యేదాకా. తర్వాత బార్‌ను తిప్పి రెండో ముఖానికీ అదే వరస. 10 మి.మీ. టిప్‌తో 5 మి.మీ. చొప్పున జరిపితే ఐదు చోట్లు, రెండు ముఖాలకు పది. చోటుకు 20 సెకన్లంటే ఒక బార్‌కు 200 సెకన్లు. తర్వాత మోల్డ్‌తో సహా 37 డిగ్రీల నీళ్ళలో 15 నిమిషాలు. అప్పుడు బార్ తీసి 320 గ్రిట్ పేపర్‌తో ఫ్లాష్ మాత్రం తీయాలి. 24 గంటల గడియారం లైటు వేయడం మొదలైనప్పటి నుంచే నడుస్తుంది.

నా మాట రుజువు కావాలంటే కొత్త బార్ ఒకటి పాత పద్ధతిలోనే మూడు చోట్ల క్యూర్ చేసి (లైటుతో గట్టిపరిచి) పొడవునా 2 మి.మీ.కు ఒకటి చొప్పున వికర్స్ గుర్తులు (వజ్రపు మొనతో నొక్కి కాఠిన్యం కొలిచేవి) వేయండి. మధ్యకు 4 మి.మీ. దగ్గర రెండు పక్కలా లోయ కనబడాలి.

#12 బెండ్‌టెస్ట్

నీలికాంతి గారి రోగనిర్ధారణ ఒప్పుకుంటాను. ఒకటి చేర్చాలి. 5వ బార్ 1.88కు ఎందుకు తగ్గింది? మెత్తగా ఉన్న బార్ ఎమరీ మీద తొందరగా అరుగుతుంది. అదే లక్షణం, అదే కారణం. రుద్దేటప్పుడు దిశ కూడా ముఖ్యం. గీతలు బార్ పొడవు వెంట పడాలి. అడ్డంగా పడిన ప్రతి గీతా టెన్షన్ ముఖం మీద ముందే కోసిపెట్టిన పగులు.

మెషీన్ గురించి ఇంకా అడగలేదు. లోడ్ సెల్ (లోడ్‌ను కొలిచే భాగం) ఎంతది?

#13 పీజీ_రెండో_ఏడు

10 కిలోన్యూటన్లది. బయట ప్లాస్టిక్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేయించాం. మాడ్యులస్ కూడా మెషీన్ ఇచ్చింది, 8 నుంచి 9 గిగాపాస్కల్స్.

#14 బెండ్‌టెస్ట్

30 న్యూటన్లు కొలవడానికి 10 కిలోన్యూటన్ల సెల్ అంటే, బియ్యం బస్తాలు తూచే కాటా మీద తులం బంగారం తూచినట్టు. 34 న్యూటన్లు దాని సామర్థ్యంలో 0.34 శాతం. సర్టిఫికెట్‌లో కాలిబ్రేషన్ కింది హద్దు ఎంతో చూడండి. 1 శాతం అని ఉంటే 100 న్యూటన్ల కింద అది చెప్పే అంకెకు పూచీ లేదు. 100 లేదా 500 న్యూటన్ల సెల్ అడగండి.

సిపెట్ లాంటి కేంద్రాలకు గానీ, ఇతర ప్లాస్టిక్ ల్యాబులకు గానీ తీసుకెళ్ళేటప్పుడు ముందే ఫోన్ చేసి ఫిక్స్చర్ అడగాలి. ప్లాస్టిక్‌కు వాళ్ళు రోజూ చేసే ఐఎస్ఓ 178 బార్ 80 × 10 × 4 మి.మీ., స్పాన్ 64. ఆ సపోర్టుల్ని 20 మి.మీ.కు దగ్గరగా జరపడం అన్ని జిగ్‌లలో కుదరదు. మనకు కావలసింది 2 మి.మీ. వ్యాసం కడ్డీలు, సమాంతరంగా, మధ్య దూరం 20. లోడ్ కడ్డీ కూడా 2 మి.మీ.దే. 5 మి.మీ. గుండు అంచున్న లోడింగ్ నోస్‌తో చేస్తే 2 మి.మీ. బార్ మీద ఒత్తిడి పంపకమే మారిపోతుంది.

మాడ్యులస్: 2 × 2 బార్, 20 స్పాన్‌కు గ్రాఫ్ వాలును (న్యూటన్/మి.మీ.) 125తో గుణిస్తే మెగాపాస్కల్స్ వస్తాయి. వాలు 80 అయితే 10 గిగాపాస్కల్స్. అలాంటి బార్ 30 న్యూటన్ల దగ్గర ఒంగేది 0.375 మి.మీ. మాత్రమే. మెషీన్, జిగ్ కలిసి 0.05 మి.మీ. సాగినా క్రాస్‌హెడ్ 0.425 చూపిస్తుంది, మాడ్యులస్ 8.8కి పడిపోతుంది. మీ 8–9 నిజానికి 10 కావచ్చు. అదే కొలతల స్టీల్ బార్ ఒకటి పెట్టి లోడ్ చేయండి. స్టీల్ 30 న్యూటన్లకు 0.02 మి.మీ. కూడా ఒంగదు. అంతకు మించి చూపించిందంతా మెషీన్ సాగుడే, దాన్ని తీసేయండి.

#15 దవడపన్ను

క్లినిక్‌లో పనిచేసేవాళ్ళ తరఫున అడుగుతున్నాను. 115, 130 అని మీరు తేల్చుతున్న ఈ తేడా పేషెంట్ నోట్లో ఏం మారుస్తుంది? కంప్రెసివ్ స్ట్రెంగ్త్ 300కి పైన అని కరపత్రాల్లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది కదా, నమిలేది నొక్కుడే కాబట్టి అది చూస్తే చాలదా?

#16 గాజుపొడి

చాలదు డాక్టర్ గారూ. కాంపోజిట్ పెళుసు పదార్థం. పైనుంచి నొక్కినా అది విరిగేది లోపల ఎక్కడో సాగిన చోట. మార్జినల్ రిడ్జ్ (నమిలే ముఖం అంచు గట్టు) మీద ఎదుటి పన్ను కస్ప్ (మొన) పడితే రిడ్జ్ కింద భాగం సాగుతుంది. కంప్రెసివ్ అంకె పెద్దదిగా కనిపిస్తుంది గానీ రెండు కాంపోజిట్లను విడదీసి చూపలేదు. క్లినికల్ ఫలితాలతో పోల్చి చూసినప్పుడు నోట్లో విరగడంతో ఎక్కువ పొంతన కుదిరింది ఫ్రాక్చర్ టఫ్‌నెస్‌కు, అరుగుదలతో కొంత పొంతన వంపు బలానికి.

115కీ 130కీ మధ్య తేడా చూసి బ్రాండ్ మార్చనక్కర్లేదు. చూడాల్సింది మాడ్యులస్. డెంటిన్ సుమారు 18 గిగాపాస్కల్స్, ఎనామిల్ 80 దాకా. ఫ్లోవబుల్స్ (పలచగా పారే కాంపోజిట్లు) ఎక్కువగా 5–8 మధ్య, దవడ పళ్ళ పేస్టులు 10 నుంచి పైకి. మెత్తటి మెటీరియల్‌ను నమిలే ఉపరితలం మీద వదిలితే లోడ్ పడిన ప్రతిసారీ అది ఒంగుతుంది, ఆ ఒంగుడంతా అంచు దగ్గరి బాండ్ భరించాలి. క్లాస్ 5 (చిగురు పక్కన పన్ను మెడ దగ్గరి ఫిల్లింగ్) దగ్గర వేరు. అక్కడ మెడ భాగంలో పన్నే వంగుతుంది, దాంతో పాటు వంగేది మేలు.

మాడ్యులస్‌ను నడిపేది ఫిల్లర్ ఘనపరిమాణం. కరపత్రంలో బరువు శాతం చూసి మోసపోకండి. 78 శాతం బరువు అని రెండింటి మీదా ఉందనుకోండి. ఒకదానిలో ఫిల్లర్ సాంద్రత 3.0 ఉన్న బేరియం గ్లాస్, రెండోదానిలో 2.2 ఉన్న సిలికా. రెజిన్‌ది రెండింటికీ 1.2. మొదటిదానిలో ఫిల్లర్ ఘనపరిమాణం 59 శాతం దగ్గర, రెండోదానిలో 66 దగ్గర వస్తుంది. బరువు ఒకటే అయినా లోపలి అస్థిపంజరం వేరు.

#17 దవడపన్ను

మరి మాడ్యులస్ ఎక్కువున్నదే ఎప్పుడూ మంచిదా?

#18 గాజుపొడి

కాదు, ఇక్కడే పీటముడి. మోనోమర్ అణువులు విడిగా ఉన్నప్పుడు ఒకదానికొకటి 0.3–0.4 నానోమీటర్ల దూరంలో ఉంటాయి, బంధం పడ్డాక 0.15కు దగ్గరవుతాయి. అందుకే కుంచించుకుపోతాయి. మామూలు పేస్టులు 2–3 శాతం, ఫ్లోవబుల్స్ అంతకన్నా ఎక్కువ. కుంచించుకునే పదార్థం గోడలకు అతుక్కుని ఉంటే లాగుతుంది. ఎంత గట్టిదైతే అంత గట్టిగా లాగుతుంది. ఫిల్లర్ పెంచితే కుంచించుకోవడం తగ్గుతుంది, మాడ్యులస్ పెరుగుతుంది, కాబట్టి లాగుడు తగ్గుతుందని ముందే చెప్పలేం.

1962లో దంత పదార్థాల పరిశోధకుడు బోవెన్ పేటెంట్ పొందిన బిస్-జీఎంఏ అనే మోనోమర్ పెద్ద అణువు కాబట్టి తక్కువ కుంచించుకుంటుంది, కానీ పాకం కన్నా చిక్కన. అందులో ఫిల్లర్ కలవాలంటే నీళ్ళలా ఉండే టీఈజీడీఎంఏ అనే ఇంకో మోనోమర్‌తో పలచన చేయాలి. అది చిన్న అణువు, కుంచించుకోవడాన్ని తిరిగి తెచ్చిపెడుతుంది. అరవై ఏళ్ళుగా ఈ పదార్థం చరిత్రంతా ఈ రెంటి మధ్య బేరమే.

క్లాస్ 1 కుహరంలో (నమిలే ముఖంలోని గుంట) ఐదు గోడలకు అతుకు, ఒక ముఖమే ఖాళీ. సీ-ఫ్యాక్టర్ (అతుకున్న ముఖాలకూ ఖాళీ ముఖాలకూ నిష్పత్తి) 5. ఒకేసారి అన్ని గోడలనూ కలిపి నింపకుండా ఏటవాలు పొరలు వేయమనేది అందుకే.

#19 నీలికాంతి

దవడపన్ను గారికి నా వైపు నుంచి ముఖ్యమైన మాట. ల్యాబ్ బార్‌కు అందే వెలుగు మీ పేషెంట్ పన్నుకు అందదు. సగం సగం జరుపుతూ వేసినప్పుడు బార్ మీద దాదాపు ప్రతి చోటా ఒక్కో ముఖం నుంచి రెండుసార్లు తడుస్తుంది. రెండు ముఖాలకు నాలుగుసార్లు, అంటే 80 సెకన్లు, టిప్ స్ట్రిప్‌కు ఆనించి. అలా వచ్చిన అంకెనే కరపత్రంలో వేస్తారు. క్లాస్ 2 బాక్స్ (పక్క పన్ను వైపు తెరుచుకున్న కుహరం) అడుగుకు టిప్ నుంచి 6–8 మి.మీ. దూరం ఉంటుంది, మ్యాట్రిక్స్ బ్యాండ్ (పన్ను చుట్టూ బిగించే పట్టీ) నీడ పడుతుంది, హ్యాండ్‌పీస్ కోణంగా ఉంటుంది, ఒకే వైపు నుంచి 20 సెకన్లే. మీ ఫిల్లింగ్ అన్నిటికన్నా బలహీనంగా ఉండేది ఆ అడుగునే, మళ్ళీ పిప్పి మొదలయ్యేదీ అక్కడే.

1000 మిల్లీవాట్లు, 20 సెకన్లు అంటే చదరపు సెంటీమీటరుకు 20 జౌల్స్. అది టిప్ ముఖం దగ్గర. రేడియోమీటర్ మీద 8 మి.మీ. ఎత్తు స్పేసర్ పెట్టి మీ లైటును కొలవండి. మిగిలిన శాతాన్ని బట్టి అడుగు పొరకు సమయం పెంచండి. సగమే మిగిలితే 40 సెకన్లు. ఒకేసారి 40 వేసేబదులు మధ్యలో గాలి కొడుతూ రెండు 20లు వేయండి, పల్ప్‌కు వేడి తగ్గుతుంది. మ్యాట్రిక్స్ తీశాక బక్కల్ (బుగ్గ), లింగ్వల్ (నాలుక) వైపుల నుంచి ఇంకోసారి. టిప్ మీద గట్టిపడిన కాంపోజిట్ చుక్క ఉంటే ముందు అది గీకేయండి. బ్లీచ్ షేడ్స్‌లో కాంఫర్‌క్వినోన్‌కు తోడు టీపీఓ ఉంటే (రెండూ వెలుగు తగిలితే గట్టిపడటాన్ని మొదలుపెట్టే రసాయనాలు) 468 నానోమీటర్ల చుట్టూ మాత్రమే వెలిగే లైటు సరిపోదు. టీపీఓకు 420 కింద వెలుగు కావాలి.

#20 దవడపన్ను

బల్క్‌ఫిల్ (ఒకేసారి మందంగా నింపే కాంపోజిట్) 4 మి.మీ. అని ప్యాక్ మీద ఉంటే నమ్మవచ్చా? ఐఎస్ఓ ప్రకారం కొలిచిందేగా.

#21 నీలికాంతి

ఐఎస్ఓ పద్ధతి గీకుడు. 4 మి.మీ. వ్యాసం మోల్డ్‌లో ఒక వైపు నుంచి లైటు వేసి, మెత్తగా మిగిలినదాన్ని ప్లాస్టిక్ స్పాచులాతో గీకేసి, నిలిచిన పొడవులో సగాన్ని లోతుగా చెబుతారు. సగం తీసుకోవడం ముందు జాగ్రత్త కోసం. కానీ బల్క్‌ఫిల్‌లో సగం క్యూర్ అయిన భాగం కూడా స్పాచులాకు లొంగనంత గట్టిగా ఉంటుంది, అది పొడవులోకి వచ్చేస్తుంది. నాకు నమ్మకం వికర్స్ ప్రొఫైల్ మీద: అడుగు కాఠిన్యం పైముఖంలో 80 శాతానికి తగ్గకుండా ఉన్న లోతు. గీకుడు చెప్పినదానికన్నా ఇది తక్కువ రావడం మామూలే.

#22 గాజుపొడి

ఆ 80 శాతం ఒకే మెటీరియల్‌లో పై నుంచి కిందికి పోల్చడానికే. రెండు బ్రాండ్ల కాఠిన్యాన్ని పక్కపక్కన పెట్టి ఎక్కువున్నది బాగా క్యూర్ అయిందనకండి, ఆ తేడా ఎక్కువగా ఫిల్లర్‌దే. పీజీలు రాసేటప్పుడు ఇక్కడే జారుతున్నారు.

#23 నీలికాంతి

ఒప్పుకున్నాను. నేను చెప్పింది ఒకే మెటీరియల్‌కే.

#24 పీజీ_రెండో_ఏడు

చాలా స్పష్టత వచ్చింది. రెండు ప్రశ్నలు. 24 గంటల తర్వాత చేసిన పరీక్ష ఒక్కటే రాస్తే గైడ్ ఒప్పుకుంటారా, ఏజింగ్ గ్రూపు కూడా ఉండాలా? ఐదు బార్లతో వైబుల్ విశ్లేషణ (విరిగే బలాలు ఎంత చెదిరాయో చూపే గణాంక పద్ధతి) వేయవచ్చా?

#25 గాజుపొడి

ఏజింగ్ గ్రూపు ఉంటేనే మీ పనికి విలువ. 24 గంటలకు కనబడేది మెటీరియల్ మంచి రోజు. నీరు రెజిన్‌లోకి మెల్లగా ఇంకుతుంది, గాజు కణానికీ రెజిన్‌కూ మధ్య వారధి అయిన సైలేన్ బంధాన్ని హైడ్రోలిసిస్‌తో తెంచుతుంది. అప్పుడు కణం ఉండి కూడా లోడ్ మోయదు, గుంటలో గులకరాయిలా మిగులుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఏజింగ్ బార్ విరుపు ముఖం మీద కణాలు రెజిన్ అంటకుండా బోడిగా కనిపిస్తే అదే. 24 గంటలు, 37 డిగ్రీల నీళ్ళలో 6 నెలలు అని రెండు గ్రూపులు పెట్టండి. వ్యవధి లేకపోతే 5–55 డిగ్రీల మధ్య 10,000 థర్మోసైకిళ్ళు. అది ఒక సంవత్సరానికి సమానం అని చాలామంది రాస్తారు, అది ఒక అంచనా మాత్రమే, తీర్మానంలా రాయకండి. 75 శాతం ఇథనాల్‌లో నానబెడితే బిస్-జీఎంఏ ఆధారిత రెజిన్ బాగా మెత్తబడుతుంది. తక్కువ క్యూర్ అయిన బార్లను అది త్వరగా బయటపెడుతుంది.

#26 బెండ్‌టెస్ట్

వైబుల్‌కు ఐదు చాలవు. గ్రూపుకు 30 బార్లు పెట్టుకోండి. పేస్ట్ లెక్క: ఒక బార్ ఘనపరిమాణం 100 ఘన మి.మీ., అంటే 0.1 ఘన సెం.మీ. సాంద్రత 2 దగ్గర వేస్తే 0.2 గ్రాములు. నింపేటప్పుడు పోయేది, పక్కన పెట్టేవి కలిపి బార్‌కు 0.3 అనుకోండి. రెండు గ్రూపులకు 60 బార్లు, 18 గ్రాములు. 4 గ్రాముల సిరంజిలు ఐదు, అన్నీ ఒకే లాట్ నంబరువి, ముందే కొనండి. మధ్యలో లాట్ మారితే గ్రూపుల మధ్య తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. ఐదు ఒకే లాట్‌లో దొరక్కపోతే 12 × 2 × 2 మి.మీ. చిన్న బార్లు, 10 మి.మీ. స్పాన్. సగం పేస్టే పడుతుంది, ఒక్కో ముఖానికి రెండు మూడు చోట్లు సరిపోతాయి. కానీ అప్పుడు అది ఐఎస్ఓ 4049 అని రాయకూడదు.

పక్కన పెట్టిన బార్ల గురించి దాపరికం వద్దు. 1.9–2.1 బయట ఉన్నవి లోడ్ వేయకముందే తీసేసి, ఎన్ని తీశారో రాయండి. లోడ్ వేశాక బుడగ కనిపించిన బార్‌ను మాత్రం తీయకండి. బుడగ ఉన్నా ఆ విలువ విలువే, వైబుల్ రేఖ ఎడమ తోకలో కూర్చునేవి అవే. పట్టికలో ప్రతి బార్‌కూ వెడల్పు, మందం, లోడ్, మధ్య నుంచి దూరం, విరుపు పుట్టిన చోటు ఐదు గడులు ఉండాలి.

#27 పీజీ_రెండో_ఏడు

ఒకే లాట్ ఐదు సిరంజిలు దొరుకుతాయని డీలర్ చెప్పారు. లోడ్ సెల్ 500 న్యూటన్లది, కడ్డీలు 2 మి.మీ.వి ఉన్న ల్యాబ్‌తో మాట్లాడాను. 4 మి.మీ. దగ్గర లోయ ఉందో లేదో తేల్చడానికి ముందు వికర్స్ బార్ చేస్తాను, ఆ రీడింగులు ఇక్కడే పెడతాను.

#28 నీలికాంతి

వికర్స్ గుర్తులు రెండు ముఖాల మీదా వేయండి. రెండోసారి తిప్పి క్యూర్ చేసిన ముఖం మొదటిదాని కన్నా కొంచెం వేరుగా ఉంటుంది. ఏ ముఖం ముందు క్యూర్ అయిందో బార్ చివర మార్కర్‌తో చుక్క పెట్టి గుర్తు పెట్టుకోండి. వంపు పరీక్షలో కూడా అన్ని బార్లకూ ఒకే ముఖం కిందికి ఉండాలి.